ఎడమ భుజం మీద పైట

మాది కారం మర. పక్క గదిలో పిండి మర కూడా ఉంది కానీ దాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయరు, మాతో సహా. తిరువూరు చుట్టుపక్కల కల్లాల్లో మిరపకాయ ఎండడం మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మా ఇంటికి చుట్టాలు రారు. వద్దామని బయల్దేరినవాళ్లు కూడా వీధి మొదట్లో నాలుగు తుమ్ములు తుమ్మి, ఫోన్లోనే క్షేమసమాచారాలు కనుక్కుని వెనక్కి తిరుగుతారు. ఈ ఏర్పాటు మీద నాకెప్పుడూ ఫిర్యాదు లేదు.

డిగ్రీలో నేను జంతుశాస్త్రం చదివాను. కప్ప తొడలో నరం ఎక్కడుంటుందో ఇప్పటికీ చూపించగలను. కారం మరకి ఈ చదువు ఎందుకు పనికొస్తుందని మా నాన్న బతికున్నన్నాళ్లూ అడిగేవారు. చివరికి పనికొచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది.

మర నాది అని బోర్డు చెబుతుంది. నడిపేది మా ఆవిడ. ఏడాది కారం పట్టించుకోవడం మా వైపు ఆడవాళ్లకి చిన్న విషయం కాదు. కాయ ఎంచి, తొడిమలు తీసి, మేడ మీద గలగలలాడేలా ఎండబెట్టి, ఆటోలో వేసుకుని స్వయంగా వస్తారు. రెడ్డిగూడెం నుంచి, ఎ.కొండూరు నుంచి కూడా వస్తారు. తమ కాయ తమ కళ్ల ముందే మరలో పడాలి, తమ కారమే తమ డబ్బాలోకి రావాలి. ముందువాళ్ల కారం గుప్పెడు కలిసిందని అనుమానం వచ్చినా చాలు, ఆ ఏడాది ఆవకాయ ఎందుకు చెడినా మమ్మల్నే తలుచుకుంటారు. అందుకని ఒకరి వంతు కాగానే మరని దులిపి, గుప్పెడు రాళ్లుప్పు వేసి తిప్పి, ఆ తర్వాతే రెండోవారిని పిలవాలి. దులపడం, పిలవడం, వంతు దగ్గర తగువులు తీర్చడం ఆవిడ పని. బెల్టు తెగితే తిట్టుకుంటూ వేయడం నా పని.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఆవిడ చేతులు భగభగమని మండేవి. సాయంత్రాలు గిన్నెలో చల్లటి మజ్జిగ పోసుకుని అందులో చేతులు ముంచుకుని కూర్చునేది. మా అమ్మ చూసి, అలవాటవుతుందిలే అనేది. నిజంగానే అయింది. ఇప్పుడు వేడి వేడి కారంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి మెత్తదనం చూసి, తీరిగ్గా దులుపుకుంటుంది.

ఆ ఏడు కార్తీకమాసంలో ఒక పొద్దున ఆవిడ మెడ ఎడమ పక్క నుంచి భుజం మీదుగా జబ్బ దాకా పొక్కులు లేచాయి, ఎవరో బద్ద పెట్టి గీసినట్టు. మా అమ్మ చూస్తూనే సర్పి అంది. సర్పికి డాక్టరు పనికిరాడని కూడా అంది. వినగడపలో సర్పికి ఎర్రమన్ను రాసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన మన్ను రాసి, వంకాయ మానేయమని చెప్పాడట. వంకాయ మానేసింది. పొక్కులు మానలేదు. తర్వాత నేను ఊళ్లో డాక్టరుకి చూపిస్తే, కాస్త ముందు తీసుకురావాల్సింది అన్నాడు. డాక్టర్లందరూ అనే మాటే కదా అనుకున్నాను. ఈయన మాత్రం నిజంగానే అన్నాడు.

పుష్యమాసానికి పొక్కులు ఎండి, చెక్కులు రాలి, చర్మం మీద చిన్న చిన్న తెల్ల మచ్చలు మిగిలాయి. మా అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది, వంకాయ కూర కూడా వండింది. జబ్బు అయిపోయిందని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, జబ్బు తప్ప.

ముందు ఫ్యాను గాలి. ఫ్యాను వేస్తే భుజం మీద నిప్పులు చల్లినట్టుందని ఆవిడ కట్టేసేది. తర్వాత జడ. జడ కొస ఎడమ వైపు పడితే ఉలిక్కిపడేది; కొప్పు పెట్టడం మొదలుపెట్టింది. రెండు నైటీలకి ఎడమ చెయ్యి కత్తిరించేసింది. స్నానానికి చెంబుతో నీళ్లు కుడి వైపు నుంచే పోసుకునేది. మనిషి గట్టిగా నొక్కితే ఓర్చుకోగలిగేది, ఈగ వాలితే ఓర్చుకోలేకపోయేది. మంటని వర్ణించడానికి ఆవిడకి కొత్త మాటలు అక్కర్లేకపోయింది, పుట్టెడు మంటల మధ్య బతికిన మనిషి. పొద్దున లావు కాయ మంట అనేది, మధ్యాహ్నం ఇంకా ఘాటైన సన్నకాయ మంట అనేది. సాయంత్రానికి ఇది మన దగ్గర పట్టే రకం కాదండీ అనేది.

నేను నమ్మాను. దానివల్ల ఆవిడకి ఒరిగిందేమీ లేదు. మొగుడి నమ్మకం ఇంట్లో బల్లా కుర్చీల్లాంటిది. ఉందని ఎవరూ గమనించరు. ఆవిడకి కావాల్సింది మిగతావాళ్లు నమ్మడం. వాళ్లు వచ్చి, మచ్చలు చూసి, ఏమీ లేదుగా అని వెళ్లేవాళ్లు. మా అమ్మ నా దగ్గరికి వచ్చి, పనంటే బద్ధకం పట్టుకుందేమోరా అని గొంతు తగ్గించి అంది. మా అమ్మ గొంతు తగ్గిస్తే పక్కింటికి వినపడుతుంది. మా ఆవిడ అక్క ఫోన్ చేసి, ఖాళీగా ఉంటే ఇలాంటివే తోస్తాయే, ఏదైనా వ్యాపకం పెట్టుకో అని చెప్పి, ధ్యానం మీద వీడియోలు పంపింది. మా ఆవిడ చేతిలో కారం మర ఉంది. అంతకంటే వ్యాపకం ఏముంటుందో ఆ అక్కకే తెలియాలి.

ఆ మాట పౌరుషానికి పనికొచ్చినట్టుంది. మాఘంలో సీజను మొదలవగానే ఆవిడ మర దగ్గరికి వచ్చి కూర్చుంది. చెయ్యి లేని జాకెట్టు, పైట కుడి భుజం మీద. వచ్చినవాళ్లు కాయల సంచులు దింపకుండానే పైట చూశారు. మా వైపు ఎడమ భుజం మీద ఉండాల్సిన పైట కుడి వైపుకి వెళ్లిందంటే, దానికి కథ ఉండి తీరాలి.

"పైట మార్చావేంటమ్మా, కొత్త ఫ్యాషనా?" అంది ఎ.కొండూరు నుంచి ఏటా వచ్చే ఒక పెద్దావిడ.

భుజం నొప్పి పిన్నిగారూ, బట్ట ఆనితే ఓర్చుకోలేకపోతున్నాను అని మా ఆవిడ చెప్పింది. అయ్యో పాపం అంటూ ఆ పెద్దావిడ ఆప్యాయంగా చెయ్యి చాచి ఆ భుజం మీదే వేసి నిమిరింది. మా ఆవిడ కేక పెట్టి ఆ చేతిని విసిరికొట్టింది. పెద్దావిడ సంచి ఒరిగి కాయలు నేల మీద పడ్డాయి.

"నిమిరితే అరిచేంత ఏముందమ్మా," అంది పెద్దావిడ, కాయలు ఏరుకుంటూ. "పుండు లేదు, పుట్ర లేదు. పని చెయ్యాలని లేకపోతే లేదని చెప్పాలి. ఈ నాటకాలెందుకు?"

నాటకాలు అన్న మాట మా ఆవిడకంటే ముందే ఇంటికి చేరింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ మరకి రాలేదు. నేనే కూర్చున్నాను. వంతుల తగువు నేను తీర్చిన రోజున రెండు తగువులు కొత్తగా పుట్టాయి. కొంతమంది అవతలి వీధి మరకి వెళ్లడం మొదలుపెట్టారు. వాళ్లని తప్పు పట్టలేను.

చివరికి ఆవిడని విజయవాడ తీసుకెళ్లాను. అక్కడి నరాల డాక్టరు నాకంటే చిన్నవాడు. మచ్చలు చూసి ఏమీ లేదుగా అనలేదు. అదే నాకు నచ్చింది. ముందు దూదితో భుజం మీద తాకాడు. మా ఆవిడ కుర్చీలోంచి లేచిపోయింది. తర్వాత గుండుసూదితో తాకాడు. కొన్నిచోట్ల తెలియనే లేదంది. ఆయన సూది పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"ఇది నటించడం చాలా కష్టమండీ. నటించేవాళ్లు సూదికి అరుస్తారు, దూదికి కాదు."

మా ఆవిడ ఏడ్చింది. కార్తీకం నుంచి ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఆయన చెప్పింది నేను చదువుకున్నదే, కాకపోతే కప్పకి సంబంధించినంత వరకే చదివాను. చిన్నప్పుడు ఆవిడకి వచ్చిన ఆటలమ్మ పూర్తిగా పోలేదట. వెన్నెముక పక్కన నరం మొదట్లో ముడుచుకుని పడుకుందట. ఇన్నేళ్లకు లేచి, ఆ నరం వెంటే చర్మం దాకా వచ్చింది, వచ్చిన దారంతా పాడుచేసింది. నరం ఒక్క దారం కాదు, పేనిన తాడు. అందులో లావు పోగులు తాకిడి కబురు మోస్తాయి, సన్న పోగులు నొప్పీ మంటా మోస్తాయి. మామూలుగా ఎవరి కబురు వాళ్లది. ఇప్పుడు సన్న పోగులు కొన్ని చచ్చాయి, బతికినవి ఎవరూ తాకకుండానే కేకలు పెడుతున్నాయి. ఆ కేకలు వినీ వినీ, వెన్నులో కబుర్లు అందుకునే చోటు బెదిరిపోయింది. లావు పోగు తెచ్చిన మెత్తటి తాకిడిని కూడా మంట కిందే జమకడుతోంది.

మా ఆవిడ కళ్లు తుడుచుకుని, "అంటే ముందువాళ్ల కారం దులపకుండానే తర్వాతివాళ్లది వేసేస్తున్నారన్నమాట," అంది.

డాక్టరుకి అర్థం కాలేదు. మా మర సంగతి నేను వివరించాను. ఆయన కాసేపు ఆలోచించి, దాదాపు అంతేనండీ అన్నాడు. ఆ మరని దులపడం మాత్రం మా చేతుల్లో పూర్తిగా లేదని, నెలలు పట్టొచ్చని, ఏళ్లు పట్టొచ్చని, కొందరికి పోనే పోదని కూడా అన్నాడు. నిద్ర ముంచుకొచ్చే బిళ్లలు రాశాడు. వాటితోపాటు ఒక పైపూత మందు. అది మిరపకాయ సారంతో చేసిందట.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మిరపకాయ మమ్మల్ని విజయవాడలో కూడా వదల్లేదు.

కారం నిజానికి దేన్నీ కాల్చదు అన్నాడాయన. సన్న పోగుల చివర్లలో వేడిని పసిగట్టే తలుపులుంటాయి. కారం వెళ్లి ఆ తలుపు తట్టి, నిప్పు అని అబద్ధం చెబుతుంది. అదే అబద్ధం రోజూ చెబితే పోగు అలిసిపోయి, కొన్నాళ్లకి తలుపు తీయడం మానేస్తుంది. మా ఆవిడ తన చేతులు చూసుకుంది. నా చేతులకి మంట తెలియకపోవడం ఇందుకేనా అని అడిగింది. కావచ్చు అన్నాడు డాక్టరు, మందుల చీటీ మీద నుంచి తల ఎత్తకుండా. మర నడిపే మనిషికి కావచ్చు అంటే అవునని అర్థం.

తిరుగు బస్సులో ఆవిడ పెళ్లయిన కొత్తలో మాట్లాడినట్టు మాట్లాడింది. ఇన్నాళ్లకి తన రోగం తన భాషలోకి వచ్చిందని ఆవిడ సంతోషం.

పైపూత రాసిన రోజుల్లో కాస్త మండేది, తర్వాత కాస్త నెమ్మదించేది. ఆ కాస్త ఆవిడకి చాలలేదు. ఒక రోజు ఆ మందు చిటికెన వేలితో తీసి నాలుక మీద రాసుకుంది. మర దగ్గర ఎవరి కాయ రకమైనా తేల్చే పద్ధతి అదే. మొహం చిట్లించింది.

"ఇందులో కారం ఏముందండీ? పేరుకి. మనవాళ్లు పిల్లల పప్పులో వేసేంత కూడా లేదు."

మందులో అంతే ఉంటుంది, అంతే ఉండాలి అన్నాను. నా డిగ్రీ గురించి మా నాన్నకున్న అభిప్రాయమే ఆవిడ మొహంలో కనపడింది. మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చున్న రోజులు ఆవిడకి గుర్తున్నాయి. అప్పుడెవరూ గొట్టంలోంచి బఠాణీ గింజంత తీసి రాయలేదు. మోచేతుల దాకా నిండా కారంలో ముంచితే చేతులు మాట విన్నాయి. భుజం మాత్రం ఎందుకు వినదు? ఇది తెలివితక్కువ ఆలోచన కాదు. మరలో పెరిగిన అనుభవానికి ఇంతకంటే సరైన లెక్క తోచదు. ఆ చేతులు ఆరోగ్యమైన నరాలవని, ఒక సీజనంతా కొంచెం కొంచెంగా అలవాటు పడ్డాయని, ఆ లెక్కలోకి రాలేదు.

మర బెల్టు తెగి నేను కొత్తది తేవడానికి వెళ్లిన మధ్యాహ్నం అది జరిగింది. తిరిగొచ్చేసరికి ఆవిడ వెనక వసారాలో స్టూలు మీద కూర్చుని ఉంది. సన్నకాయ కారం నూనెలో రంగరించి భుజం నిండా మెత్తి, పైన తడిగుడ్డ చుట్టుకుంది. మొహం నిండా చెమట. పళ్లు బిగించి ఉంది. నేను గుడ్డ మీద చెయ్యి వెయ్యబోయాను.

"తియ్యకండి. ఇంకా అలిసిపోలేదు," అంది.

"ఏంటి అలిసిపోనిది?"

"నరం."

ఎప్పుడు పెట్టుకున్నావని అడిగితే, మీరు వెళ్లగానే అంది. నేను బెల్టు కోసం రెండు కొట్లు తిరిగి, దారిలో టీ కూడా తాగి వచ్చాను. గుడ్డ తీస్తే, అంతసేపు కారంలో నాని పొక్కిన తోలు కొన్నిచోట్ల గుడ్డతోపాటే వచ్చింది. నీళ్లు పోస్తే మంట ఇంకా పాకింది. ఆస్పత్రిలో నర్సు శుభ్రం చేస్తున్నంతసేపూ ఆవిడ నా చొక్కా పట్టుకుని నిలబడింది తప్ప అరవలేదు. ఎలా జరిగిందని అక్కడి డాక్టరు అడిగాడు. చెప్పాను. ఆయన నా చదువెంతవరకని అడిగాడు. డిగ్రీ అన్నాను. ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. భుజం మీద పెద్ద పుండు, దాని మీద తెల్లటి కట్టు. ఊరంతా నమ్మింది.

మా అమ్మ కట్టు మార్చేటప్పుడు చూసి బావురుమంది. ఇంత బాధ పెట్టుకుని మాతో ఒక్క ముక్క చెప్పలేదేమే తల్లీ అంది. చెప్పడమైతే కార్తీకం నుంచి చెబుతూనే ఉంది. అక్క బస్సెక్కి వచ్చి నాలుగు రోజులుండి, చెల్లెలికి తల దువ్వి జడ కుడి వైపుకి వేసింది. సర్పి తిరగబెట్టిందని వీధిలో ఎవరో తేల్చారు, మేము కాదనలేదు. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు, కొబ్బరి బోండాలు వచ్చాయి. ఎ.కొండూరు పెద్దావిడ కూడా ఆటో దిగి వచ్చింది. మంచానికి దూరంగా కుర్చీ వేసుకుని, ఆ రోజు తెలియక అన్నానమ్మా, మనసులో పెట్టుకోకు అంది. వెళ్తూ చెయ్యి చాచి, గుర్తొచ్చి, వెనక్కి తీసుకుంది.

మా ఆవిడ కొత్త పుండుని గురించి చెడుగా ఒక్క మాట అనలేదు. ఇది మర్యాదస్తుడి నొప్పండీ అనేది. ముట్టుకున్నచోటే నొప్పి, ముట్టుకున్నంతసేపే నొప్పి. రోజురోజుకీ కాస్త తగ్గుతుంది, చెప్పినట్టు వింటుంది. దాని కింద పాత మంట ఎక్కడికీ పోలేదు. పాతదాని గురించి ఎవరూ అడగలేదు గనక ఆవిడా చెప్పలేదు.

చైత్రం సగంలో పుండు మానింది. సీజను ఇంకా ఉంది. నర్సు కట్టు విప్పేసి, ఇక గాలి తగలనివ్వండి, కట్టు అక్కర్లేదు అంది. లేత గులాబీ రంగు చర్మం. ఇంటికొచ్చి ఆవిడ దాన్ని అద్దంలో చూసుకుంది. సాయంత్రం మా అమ్మ వచ్చి చూసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, రేపట్నుంచి మరకి వెళ్తావుగా అంది.

మర్నాడు పొద్దున ఆవిడ, కట్టుకి వాడిన గాజుగుడ్డ చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది.

గుడ్డ ఆనితే ఓర్చుకోలేవు కదా అన్నాను. తెలుసు అంది. రోజంతా ఉంచుకోవాలి కదా అన్నాను. అదీ తెలుసంది. గుమ్మం వైపు చూసి, తలుపు దగ్గరికి వేయమంది.

నేను ఎంత వదులుగా కట్టాలో అంత వదులుగా కట్టడం మొదలుపెట్టాను. మొదటి చుట్టుకి ఆవిడ మంచం కోడు పట్టుకుంది. రెండో చుట్టుకి కళ్లు మూసుకుంది.

"గట్టిగా కట్టండి. జారిపోతే లోపల ఏమీ లేదని కనపడుతుంది."

గట్టిగా కట్టాను. వదులుగా ఉంటే రాసుకుంటుంది, గట్టిగా ఉంటే నొక్కుతుంది. రెంటిలో నొక్కుడే నయమని నా జంతుశాస్త్రం. రాత్రి గీరుకుని పుండు మళ్లీ రేగిందని మా అమ్మకి చెప్పి, ఆవిడ మరకి వెళ్లి కూర్చుంది. కట్టు చూసి ఆడవాళ్లు వంతుల దగ్గర పోట్లాడుకోవడం మానేశారు. కుర్చీలో వేసుకోవడానికి మెత్తటి దిండు ఎవరో తెచ్చారు. భుజం పక్కగా వెళ్లేటప్పుడు పైటలు పట్టుకుని ఒదిగి వెళ్లేవాళ్లు. అవతలి వీధికి వెళ్లినవాళ్లు కొందరు తిరిగొచ్చారు. మంటతో ఆవిడ మొహం పాలిపోయి ఉండేది. పాపం, ఇంకా ఎంత బాధపడుతోందో చూడండి అని ఒకళ్లకొకళ్లు చెప్పుకునేవాళ్లు. వాళ్లన్నది అక్షరాలా నిజం. అది నిజం కావడానికి కారణం మాత్రం ఆ కట్టే.

సాయంత్రం విప్పుతుంటే గాజుగుడ్డ మీద చెమట తప్ప ఏమీ ఉండేది కాదు. ఉతికి లోపలి గదిలో ఆరేసేవాణ్ణి. రోజూ పొద్దున తలుపు వేసుకుని కట్టడం, రోజూ సాయంత్రం తలుపు వేసుకుని విప్పడం. పెళ్లయి ఇన్నేళ్లకి మా ఇద్దరికీ ఒక రహస్యం దొరికింది.

సీజను ఆఖరికొచ్చిన ఒక సాయంత్రం కట్టు విప్పించుకుంటూ అడిగింది.

"మామూలుగా ఇలాంటి పుండు మానడానికి ఎన్నాళ్లు పడుతుందండీ? అంటే, ఎవరికీ అనుమానం రాకుండా ఇంకా ఎన్నాళ్లు కట్టుకోవచ్చు?"

ఇప్పటికే ఎక్కువ రోజులయ్యాయని చెప్పాను. మా అమ్మ నిన్న అడిగింది, ఇంకా మానలేదా అని.

ఆవిడ తల ఊపింది. లేత చర్మం మీద మెల్లగా ఊదుకుంది, ఊదగానే మొహం తిప్పుకుంది.

"అయితే మళ్లీ పెట్టుకోవాలేమో," అంది, రేపు ఉప్పు తెప్పించాలేమో అన్నట్టుగా. "ఈసారి తక్కువసేపు."

ఏదో ఒకటి అని నవ్వించడం నాకు అలవాటు. ఆ సాయంత్రం గాజుగుడ్డ ఉతకడానికి తీసుకెళ్లాను. ఆవిడ పడుకున్నాక లేచి మరలోకి వెళ్లి లైటు వేశాను. సన్నకాయ కారం ఎక్కడుందో చూసి దాచేద్దామని. గోడ వారగా బస్తాలు, తూకం మీద డబ్బాలు, మర నోటి చుట్టూ, కిటికీ ఊచల మీద, నేను వేసిన స్విచ్చి మీద ఎర్రటి పొడి. కారం మరలో కారం ఎక్కడ దాచాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాను.